మూడు తారీఖులు లేకుంటే ఆ 78కి అర్థం లేదు

టీచరమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే సరిదిద్దండి. మీకు 39 ఏళ్లు. ఉండేది చంద్రగిరి, తిరుపతిలో బడికి పోయి వస్తుంటారు. ఆరు వారాలుగా దగ్గు. రాత్రిళ్లు తెరలు తెరలుగా వస్తుంది, ఊపిరి తీసుకోనివ్వదు, రెండుమూడుసార్లు చివర్లో వాంతి కూడా అయింది. రెండు సిరప్పులు, పేరు గుర్తులేని ఒక యాంటీబయాటిక్ కోర్సు అయిపోయాయి. తోటి టీచర్ చెప్తే పోయిన వారం ఒక ల్యాబులో ‘పెర్టుసిస్ ఐజీజీ’ చేయించారు, అంటే కోరింత దగ్గు క్రిమి మీద ఒంట్లో పుట్టే యాంటీబాడీలను కొలిచే రక్త పరీక్ష. 78 అని వచ్చింది, పక్కన లావు అక్షరాల్లో ‘పాజిటివ్’ అని ఉంది. మూడు నెలల కిందట కాలికి రేకు గీసుకుంటే ‘టీటీ’ వేయించుకున్నారు. ఇంట్లో కాన్పుకొచ్చిన చెల్లెలు, ఆమెకు ఏడు వారాల పాప. పాపకు రెండు రోజులుగా ముక్కు కారుతోంది. మీరు అడిగినవి రెండు: నాది కోరింత దగ్గేనా? పాపకు కూడా ఈ రక్త పరీక్ష చేయించాలా?

నేను డాక్టర్ను కాను. తిరుపతి, చిత్తూరు ల్యాబుల్లో మైక్రోబయాలజీ బెంచీ మీద పాతికేళ్లు కూర్చున్నవాణ్ణి. మందు రాయడం నా పని కాదు. రిపోర్టులో అంకె ఏం చెప్తుందో, ఏం చెప్పదో అంతవరకు చెప్పగలను.

రెండో ప్రశ్నకే ముందు జవాబు, తొందర అక్కడే ఉంది కాబట్టి. పాపకు ఈ రక్త పరీక్ష వద్దు. ఏడు వారాల బిడ్డ రక్తంలో కనబడే ఐజీజీ చాలావరకు బిడ్డది కాదు, మీ చెల్లెలిది. కడుపులో ఉన్నప్పుడు మాయ గుండా తల్లి నుంచి దిగింది. అంకె ఎక్కువొస్తే తల్లి ఇచ్చిందో, జబ్బు వల్ల వచ్చిందో తేల్చలేం. తక్కువొస్తే జబ్బు లేదనీ అనలేం, అంత చిన్న ఒళ్లు సొంతంగా యాంటీబాడీలు చేసుకోవడానికి ఇంకా తడబడుతుంటుంది. ఎటొచ్చినా పనికిరాని అంకె కోసం ఆ చిట్టి చేతిలో సూది దించడం ఎందుకు?

అలాగని ఊరికే కూర్చోవద్దు. ఈ రోజే పాపను పిల్లల డాక్టరుకు చూపించండి. వెళ్లగానే మొదటి మాటగా ‘ఇంట్లో ఆరు వారాలుగా తెరల దగ్గు ఉంది’ అని చెప్పండి. ఆ ఒక్క మాట చెప్పకపోతే ముక్కు కారుతున్న బిడ్డను చూసి ఎవరైనా మామూలు జలుబనే అనుకుంటారు. కోరింత దగ్గు మొదటి వారం, పది రోజులు అచ్చం జలుబులాగే ఉంటుంది, దాని మోసమంతా అక్కడే. దగ్గు తెర చివర ఊపిరి లాగేటప్పుడు వచ్చే ఆ పేరుమోసిన కూత కూడా పసిబిడ్డల్లో రాకపోవచ్చు. దగ్గే సరిగా ఉండదు. పాలు తాగుతూ తాగుతూ ఆగిపోతుంది, ముఖం ఎర్రబడి తర్వాత నీలంగా మారుతుంది, కాసేపు ఊపిరి ఆగుతుంది. ఇందులో ఏ ఒక్కటి కనబడినా అపాయింట్‌మెంట్ చూసుకోకుండా రుయాకో, దగ్గర్లో పిల్లల ఐసీయూ ఉన్న ఏ ఆస్పత్రికో పరుగెత్తాల్సిందే, అర్ధరాత్రయినా సరే.

ఇంట్లో పెద్దవాళ్లు ఈ పాటికి ఏదో ఒకటి మొదలుపెట్టే ఉంటారు. వీధిలోకొచ్చే గాడిద పాలవాణ్ణి పిలిచి ఒక ఉగ్గిన్నెడు పట్టించడం మన వైపు ఇంకా పోలేదు. తేనె నాకించడం అంతకంటే మామూలు. ఏడాది లోపు బిడ్డకు తేనె అసలే వద్దు, బొటులిజం అనే విషబాధ వచ్చే అవకాశం ఉంది. పచ్చి పాలు కూడా వద్దు, ఏ జంతువువైనా సరే. మీ అమ్మగారికి నా పేరు చెప్పి కోప్పడినా నాకేం అభ్యంతరం లేదు.

పాపకు నిజంగా పనికొచ్చే పరీక్షలు రెండు. ఒకటి మామూలు రక్త పరీక్షే, రక్తకణాలు లెక్కపెట్టే సీబీసీ. ఈ క్రిమి వదిలే విషం తెల్లకణాల్లో లింఫోసైట్లను రక్తంలోనే ఉంచేస్తుంది, కణజాలంలోకి తిరిగి పోనివ్వదు. అందుకని పసిబిడ్డల్లో లింఫోసైట్లు విపరీతంగా పెరిగితే డాక్టరుకు అది గట్టి అనుమానం, మరీ ఎక్కువైతే ప్రమాద సూచన కూడా. రెండోది ముక్కు వెనక, గొంతు పైభాగం దాకా సన్నటి పుల్ల పంపి తీసే స్వాబ్‌తో పీసీఆర్, అంటే క్రిమి డీఎన్ఏను వెతికే పరీక్ష. కొవిడ్ రోజుల్లో అందరం రుచి చూసిందే. జబ్బు మొదలైన మూడు వారాల లోపు పీసీఆర్ బాగా పనిచేస్తుంది, అంటే పాప విషయంలో ఇప్పుడే. కొన్నిచోట్ల శ్వాసకోశ ప్యానెల్ అని ఒకే స్వాబ్‌తో చాలా క్రిములు వెతికే పరీక్ష ఉంటుంది, అందులో ఇదీ కలిసి ఉంటుంది. అది ఖరీదైన పరీక్ష, అన్నిచోట్లా ఉండదు. శాంపిల్ చెన్నైకో హైదరాబాదుకో పంపే ల్యాబయితే ఎన్ని రోజులకు రిపోర్టొస్తుందో ముందే అడగండి. గట్టి అనుమానం ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా మందు మొదలుపెట్టడమే పిల్లల డాక్టర్లు చేసేది.

స్వాబ్ గురించి ఒక చిన్న హెచ్చరిక. ఇంజెక్షన్లు వేసే గదిలో, అదే బల్ల దగ్గర స్వాబ్ తీస్తుంటే వేరే గదిలో తీయమనండి. కోరింత దగ్గు టీకాలో చచ్చిన క్రిమి తాలూకు డీఎన్ఏ ఉంటుంది. అది బల్లకో, గ్లవ్స్‌కో అంటి స్వాబ్‌లోకి వచ్చిందంటే పీసీఆర్ దాన్నీ పట్టుకుని పాజిటివ్ అంటుంది. 2006లో అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని ఒక ఆస్పత్రిలో కోరింత దగ్గు పాకిందని పెద్ద గందరగోళం జరిగింది. పీసీఆర్ పాజిటివ్‌లు వందకు పైగా వచ్చాయి, సిబ్బందికి సెలవులిచ్చారు, మందులు పంచారు. తీరా కల్చర్ పెడితే, అంటే క్రిమిని ప్లేటు మీద పెంచి చూస్తే, ఒక్కరిలోనూ క్రిమి పెరగలేదు. అక్కడ కారణం వేరే కావచ్చు, కానీ ఒక్క పరీక్ష మీద భారమంతా వేస్తే ఏమవుతుందో ల్యాబువాళ్లందరికీ అది పాఠం అయింది.

ఇక మీ 78.

ఈ పరీక్ష ఎలా జరుగుతుందో తెలిస్తే సగం అనుమానాలు పోతాయి. 96 చిన్న గుంతలున్న ప్లాస్టిక్ ప్లేటు. గుంత అడుగున క్రిమి తాలూకు ప్రొటీన్ పూత పూసి ఉంటుంది. మీ సీరం, అంటే గడ్డకట్టిన రక్తం మీద తేలే ద్రవం, పలచన చేసి అందులో పోస్తాం. యాంటీబాడీలుంటే పూతకు అతుక్కుంటాయి, మిగతాది కడిగేస్తాం. తర్వాత ఎంజైమ్ కట్టిన ఇంకో యాంటీబాడీ, ఆపైన రంగు మందు. నీలం తేలుతుంది, ఆపు ద్రావణం పోస్తే పసుపు అవుతుంది. ఆ పసుపు ఎంత చిక్కగా ఉందో మిషను కొలుస్తుంది. అంతే. అంటే ప్లేటుకు తెలిసింది మీ రక్తంలో ఫలానా ప్రొటీన్‌ను పట్టుకునే యాంటీబాడీలు ఎంత ఉన్నాయనేదే. అవి ఎప్పుడు, దేనివల్ల పుట్టాయో దానికి తెలీదు. ఆ ‘ఎప్పుడు’ మీరు చెప్పాలి. ల్యాబు కౌంటర్లో ఎవరూ అడగరు. నా బాధంతా అదే.

పూసిన ప్రొటీన్ ఏదన్నది ఇంకా ముఖ్యం. పెర్టుసిస్ టాక్సిన్, పొట్టిగా పీటీ, కోరింత దగ్గు క్రిమి బోర్డెటెల్లా పెర్టుసిస్ ఒక్కటే తయారుచేస్తుంది. దాని చుట్టం పారాపెర్టుసిస్ దగ్గర జన్యువు ఉన్నా విషం చెయ్యదు. అందుకే పీటీ మీద యాంటీబాడీ కనబడితే దాని మాట నమ్మొచ్చు. కానీ కొన్ని కిట్లలో పీటీతో పాటు ఎఫ్‌హెచ్‌ఏ అనే ఇంకో ప్రొటీన్ కలుపుతారు, కొన్నిట్లో క్రిమిని మొత్తంగా పిండి పూస్తారు. ఎఫ్‌హెచ్‌ఏ లాంటివి పారాపెర్టుసిస్‌లోనూ ఉంటాయి, మైకోప్లాస్మా, హీమోఫిలస్ లాంటి వేరే క్రిములకు పుట్టిన యాంటీబాడీలు కూడా దానికి అతుక్కుంటాయి. అలాంటి కిట్‌తో నేనే ఒకసారి బోల్తా పడ్డాను. పుత్తూరు వైపు ఉమ్మడి కుటుంబం, అయిదుగురు దగ్గుతూ వచ్చారు, నలుగురికి పాజిటివ్ అని సంతకం పెట్టి ఇచ్చాను. మేం అప్పుడు వాడుతున్నది కలగలుపు కిట్టని చూసుకోలేదు. తర్వాత పీటీ ఒక్కదానితోనే మళ్లీ చేస్తే ఒక్కరికి తప్ప ఏమీ లేదు. కిట్ డబ్బాలో మడిచిపెట్టిన కాగితం మొత్తం చదవడం నాకు ఆ రోజుతో అలవాటైంది.

కాబట్టి మీ ల్యాబుకు ఫోన్ చేసి రెండే అడగండి. పూత పీటీ ఒక్కటేనా, కలగలుపా? 78 అన్నది అంతర్జాతీయ యూనిట్లలోనా, కిట్ కంపెనీ సొంత యూనిట్లలోనా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో 06/140 అనే నంబరుతో ఒక ప్రామాణిక సీరం ఖరారు చేసింది. దానికి సరిచూసుకున్న కిట్లు మిల్లీలీటరుకు ఇన్ని అంతర్జాతీయ యూనిట్లు అని చెప్తాయి. సొంత యూనిట్ల కిట్‌లో 78 అంటే ఏమైనా కావచ్చు. ఒక ఊరి బస్తా లెక్కతో ఇంకో ఊరి వడ్లు కొలిచినట్టుంటుంది.

సరే, పీటీ ఐజీజీ, అంతర్జాతీయ యూనిట్లే అనుకుందాం. అప్పుడు 40 కంటే తక్కువైతే ఇటీవల సోకిన ఆధారం లేదంటారు. 100 దాటితే, ఈ మధ్య టీకా వేయించుకోకపోతే, ఇటీవలి ఇన్ఫెక్షన్‌కు గట్టి సాక్ష్యం. మధ్యలోది బూడిద రంగు నేల. మీ 78 సరిగ్గా అక్కడ కూర్చుంది. ‘పాజిటివ్’ అన్న లావు అక్షరాలు 40 దాటింది కాబట్టి కంప్యూటరు వేసినవే అయ్యుంటాయి. ఈ క్రిమి మన చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, ఏ జబ్బూ లేని పెద్దవాళ్లలో కూడా కొంత యాంటీబాడీ దొరుకుతుంది. 78 ‘నువ్వు దీన్ని ఎప్పుడో కలిశావు’ అంటోంది, ‘నీ దగ్గు దీనివల్లే’ అనేంత ధైర్యం దానికి లేదు.

ఇక్కడికొచ్చాక ఆ మూడు తారీఖులు కావాలి. దగ్గు మొదలైన రోజు. రక్తం ఇచ్చిన రోజు. కోరింత దగ్గు భాగం ఉన్న టీకా ఆఖరుసారి వేయించుకున్న రోజు.

మొదటి రెండూ కలిపి చూస్తే మీరు సరైన సమయానికే వెళ్లారు. యాంటీబాడీలు పెరగడానికి కనీసం రెండు వారాలు పడుతుంది. దగ్గు మొదలై రెండు వారాల నుంచి ఎనిమిది వారాల దాకా ఈ పరీక్షకు మంచి కాలం, పన్నెండో వారం వరకూ కొంత పనికొస్తుంది. మీరిచ్చింది అయిదో వారంలో. ఇంకో సంగతి, మీరు వాడిన పేరు తెలియని యాంటీబయాటిక్ వల్ల ఈ పరీక్ష చెడదు. కల్చర్ అయితే పాడయ్యేది, ఈ క్రిమి అసలే సుకుమారం. 1906లో బ్రస్సెల్స్‌లో బోర్డె, జాంగూ దీన్ని మొదటిసారి పెంచినప్పుడు ఉర్లగడ్డ రసం, గ్లిసరిన్, రక్తం కలిపి దానికోసం ప్రత్యేకంగా మేత తయారుచేయాల్సి వచ్చింది. ఇప్పటికీ నాలుగు రోజుల యాంటీబయాటిక్ పడితే ప్లేటు మీద ఏమీ మొలవదు. అలా పెద్దవాళ్లు ఆలస్యంగా, మందులన్నీ మింగాక వచ్చినప్పుడే ఈ రక్త పరీక్షకు విలువ.

మూడో తారీఖు దగ్గరే మన వాళ్లంతా తికమక పడతారు. మన ఊళ్లో గాయానికి వేసే ప్రతి సూదీ ‘టీటీ’యే. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్లో వేసేది టీడీ, అంటే ధనుర్వాతం, కంఠసర్పి రెండింటికే. అందులో కోరింత దగ్గు భాగం లేదు, మీ అంకెను అది కదిలించదు. కానీ ప్రైవేటులో కొందరు డాక్టర్లు గాయానికి కూడా టీడాప్ వేస్తారు, బిల్లులో బూస్ట్రిక్స్ అనో అడాసెల్ అనో ఉంటుంది. దాంట్లో పీటీ ఉంది. వేయించుకుని ఏడాది కాకపోతే యాంటీబాడీ ఆ సూదిదో, జబ్బుదో ఈ పరీక్ష విడదీయలేదు. పాత బిల్లు వెతకండి. అది టీడాప్ అయితే ఈ 78ని పక్కన పడేయండి, మళ్లీ చేయించినా దండగే.

టీడీ అయితే ఒక దారి ఉంది. మొదటి రక్తానికి రెండు నుంచి నాలుగు వారాల తర్వాత అదే ల్యాబులో అదే కిట్‌తో రెండోసారి. వీలైతే పాత సీరం దాచి ఉందేమో అడిగి రెండూ ఒకే ప్లేటులో వేయమనండి. అంకె బాగా ఎగబాకినా, బాగా పడిపోయినా ఇటీవలి ఇన్ఫెక్షనే. 70లోనో 80లోనో కదలకుండా ఉంటే ఆ యాంటీబాడీ పాతది. ఒకే ప్లేటు ఎందుకంటున్నానంటే ప్లేటుకూ ప్లేటుకూ తేడా వస్తుంది. కిట్ కాగితంలో ‘గది ఉష్ణోగ్రత, 20 నుంచి 25 డిగ్రీలు’ అని రాసి ఉంటుంది. రాసినవాడు మే నెలలో తిరుపతి చూళ్లేదు. ఏసీ ఆగిపోయిన మధ్యాహ్నం ప్లేటంతా ముదురు పసుపు తిరగడం, దాన్ని చెత్తబుట్టలో వేసి మళ్లీ మొదలుపెట్టడం నాకు చాలాసార్లు జరిగింది. అలా పారేయని ల్యాబు కూడా ఉంటుంది.

ఐజీఎం, అంటే సోకిన తొలి రోజుల్లో పుట్టే యాంటీబాడీ, అది కూడా చేయించమని ఎవరైనా అంటే డబ్బులు దాచుకోండి. డెంగీకి అలవాటై జనం దీనికీ ఐజీఎం అడుగుతారు, ఈ జబ్బులో దాన్ని నమ్మి ఏమీ చెప్పలేం.

అయితే ఇంత చేసి రెండో అంకె తెచ్చుకున్నా మీ వైద్యం పెద్దగా మారదని కూడా చెప్పాలి. దగ్గు మొదలై మూడు వారాలు దాటాక యాంటీబయాటిక్ వేసినా దగ్గు తగ్గదు. క్రిమి అప్పటికే వెళ్లిపోయి ఉంటుంది, అది చేసిన గాయం మిగిలి దగ్గిస్తూ ఉంటుంది. నెలల తరబడి సాగొచ్చు, వంద రోజుల దగ్గని ఊరికే అనలేదు. మంచి మాట ఏమంటే మూడు వారాలు దాటాక సాధారణంగా మీనుంచి ఇంకొకరికి అంటదు. అందుకే ఇప్పుడు పాప దృష్టితో చూడాల్సింది మీ దగ్గు కంటే ఆ ఇంట్లో కొత్తగా దగ్గు మొదలైనవాళ్లెవరని. మీ చెల్లెలు, మీ అమ్మగారు, బడికి పోయే పిల్లలు. ఈ మూడు వారాల్లో ఎవరికి మొదలైనా వాళ్లే ఇప్పుడు పాపకు ప్రమాదం. వాళ్లకూ, పాపకూ ముందుజాగ్రత్త మందు కావాలా అన్నది డాక్టరు చెప్పాలి, అజిత్రోమైసిన్ అయిదు రోజులు సాధారణంగా ఇస్తారు. దుకాణంలో అడిగి తెచ్చుకోవడం వద్దు, ముఖ్యంగా పసిబిడ్డకు.

మీకు ఎక్కడినుంచి వచ్చిందంటారా? మీ క్లాసులో పది, పదకొండేళ్ల పిల్లలున్నారు. వాళ్లకు కోరింత దగ్గు ఉన్న ఆఖరు డోసు అయిదారేళ్లప్పుడు వేసిన డీపీటీ. ప్రభుత్వ పట్టికలో పదేళ్లకు, పదహారేళ్లకు వేసేది టీడీ, అందులో ఇది లేదు. టీకా రక్షణ కొన్నేళ్లకు తరుగుతుంది, జబ్బు వచ్చి తగ్గినా అంతే. మీ చెల్లెలు ఏడో నెల దాటాక టీడాప్ తీసుకుందా అని కూడా కనుక్కోండి. తీసుకుని ఉంటే పాపకు కొంత కాపు ఉంది. ప్రభుత్వ ఆస్పత్రిలో గర్భిణులకు వేసేది టీడీయే, కాబట్టి కార్డులో పేరు చూడకుండా ‘వేశారు’ అన్న మాటతో ఆగిపోకండి. పాపకు ఆరో వారం పెంటావాలెంట్, అంటే కోరింత దగ్గు భాగం ఉన్న పసిపిల్లల టీకా, పడిందా లేదా మీరు రాయలేదు. పడకపోతే ఆ సంగతి డాక్టరుతో మాట్లాడండి. పడినా ఒక్క డోసు చాలదు, పదో వారం, పద్నాలుగో వారం డోసులు వాయిదా వేయొద్దు.

మీ గురించి నాకున్న అసలు అనుమానం ఇంకొకటి. ఇంత దూరం వచ్చి, ఇంత ఖర్చు పెట్టి, కఫం పరీక్ష చేయించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. మన దేశంలో రెండు వారాలు దాటిన దగ్గుకు మొదటి పరీక్ష క్షయకు. 1915 నుంచి మదనపల్లె పక్కన ఆరోగ్యవరం శానటోరియం ఉన్న సీమ మనది, మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ప్రభుత్వ కేంద్రంలో కఫం పరీక్షకు డబ్బులు తీసుకోరు. ఎక్స్‌రే కూడా ఒకటి. ఏడు వారాల బిడ్డ ఉన్న ఇంట్లో క్షయ ఉంటే అది కోరింత దగ్గు కంటే చిన్న సంగతేం కాదు. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి మాత్ర వేసుకుంటుంటే అదీ డాక్టరుకు చెప్పండి, ఆ మాత్రలకే నెలల తరబడి పొడి దగ్గు పట్టేవాళ్లున్నారు.

నా అంచనా అడిగితే, తెరల దగ్గు, చివర వాంతి, బడి పిల్లల మధ్య పని, ఇవి చూస్తే కోరింత దగ్గు అయ్యే అవకాశం తక్కువేమీ కాదు. ఆ అంచనాకు 78 కంటే మీరు చెప్పిన దగ్గు తీరే ఎక్కువ కారణం. ముందు పాపను చూపించండి, రేపు పొద్దున కఫం ఇవ్వండి, ఆ తర్వాత ల్యాబుకు ఫోన్. రిపోర్టు ఫోటో పంపేటప్పుడు కింద చిన్నక్షరాల్లో కిట్ పేరు, పద్ధతి, యూనిట్లు ఉండే లైను కూడా పడేటట్టు తీయండి. మీరు చెప్పిన 78 పైలైనులోది, నాకు కావాల్సింది ఆ కింది లైను.